దోర్కమ్మ మొక్కిన అరగంట

కొత్తలంకపాలెం సీయోను మందిరంలో ఫ్యాన్లకి కొదవ లేదు. అన్నీ మొక్కుబడి ఫ్యాన్లే. కొడుక్కి ఉద్యోగం వస్తే ఒక ఫ్యాను, కోడలికి కడుపు పండితే ఒక ఫ్యాను, పొలం తగాదాలో కోర్టు మనవైపు మొగ్గితే రెండు ఫ్యాన్లు. రెక్క రెక్కకీ ఇచ్చినవాళ్ల పేరు ఎర్ర పెయింటుతో రాసి ఉంటుంది. అయితే అన్నీ జోరుగా తిరిగితే ఎవరి పేరూ కనపడదు కదా! దాతల మనసు నొచ్చుకోకూడదని ఫ్యాన్లన్నీ ఒకటో నంబరు మీదే తిప్పాలని సంఘ పెద్దలు తీర్మానం చేశారు. ఒకటో నంబరు మీద పేర్లు చక్కగా చదువుకోవచ్చు. గాలి మాత్రం రాదు.

అలాంటి సంఘంలో ఉండి కూడా దోర్కమ్మ ఫ్యాను మొక్కుకోలేదు. అదే ఆవిడ చేసిన పొరపాటు. కూతురు జెమీమా కాన్పు కష్టమై, డాక్టరమ్మ బయటికొచ్చి "మా ప్రయత్నం మేం చేస్తున్నాం, మీరు ప్రార్థన చేసుకోండమ్మా" అన్నప్పుడు, దోర్కమ్మ ఆస్పత్రి వరండాలో చెప్పులు విడిచేచోట మోకాళ్లూనింది. "ప్రభువా, నీకు ఫ్యాన్లు బోలెడున్నాయి. తల్లినీ పిల్లనీ దక్కించు. నువ్వూ నేనూ ఒక అరగంట కూర్చుందాం. మనిద్దరమే. తీరిగ్గా నీకు కృతజ్ఞత చెప్పుకుంటాను" అని మొక్కుకుంది. దేవుడు ఇద్దర్నీ దక్కించాడు. పిల్లకి కెజియా అని పేరు పెట్టారు. ఆ కెజియా బోర్లా పడింది, పాకింది, పళ్లొచ్చి అమ్మమ్మ వేలు కొరికింది, ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది కూడా. దోర్కమ్మకి మాత్రం ఆ అరగంట ఇంతవరకూ దొరకలేదు.

ఎలా దొరుకుతుంది చెప్పండి? స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు ఆవిడే. సండే స్కూలుకి పెద్ద టీచరూ ఆవిడే. గాయక బృందం చీరల రంగు ఆవిడ తేల్చాలి. ప్రభు భోజనపు గిన్నెలు ఆవిడ తోమించాలి. కోత పండగలో గుమ్మడికాయలు ఆవిడ వేలం వెయ్యాలి. ఎవరింట్లో పెళ్లయినా పెళ్లికూతురు ముసుగు ఆవిడే సర్దాలి, ఎవరింట్లో ఎవరు పోయినా ముందుగా వెళ్లి ఆడవాళ్లని ఆవిడే ఓదార్చాలి. మైకు కమిటీలో కుర్రాళ్లు పరీక్షలకి వెళ్లిపోతే, ఏ తీగ ఏ బొక్కలో పెట్టాలో నేర్చుకుని ఆ పనీ ఆవిడే చేసింది. ఇవన్నీ దేవుడి పనులే, కాదన్నవాళ్లెవరు? అందుకే ఆవిడకి ఏదీ కాదనడం చేతకాలేదు.

తెల్లారగట్ల లేచి పెరట్లో జామచెట్టు కింద పీట వేసుకుని కళ్లు మూసుకునేది. "ప్రభువా" అనేలోగా ఫోను మోగేది.

"వదినా, జాకెట్టు గుడ్డ లేత గులాబీ అన్నావా, ముదురు గులాబీ అన్నావా?"

"లేత గులాబీ తల్లీ."

"అయ్యో, అందరం ముదురు కుట్టించేశామే!"

అయిపోయింది. ఇక ఆ పొద్దంతా గులాబీ పంచాయితీయే. ఫోను కట్టేస్తే మనుషులే గుమ్మంలోకి వచ్చేవాళ్లు. స్నానాల గదిలో తలుపేసుకున్నా, భర్త తీతు బయట నిలబడి, "ఇదిగో, కొవ్వొత్తుల ఆరాధనకి కొవ్వొత్తులు కొనాలా, పోయినేడాదివి మిగిలాయా అని అడుగుతున్నారు. కొనాలంటే ఒకసారి దగ్గు, మిగిలాయంటే రెండుసార్లు దగ్గు" అనేవాడు. తీతు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. బస్సులో అంతమంది జనం మధ్య ఉన్నా డ్రైవరు ఒంటరివాడే, అందుకే తనకి దేవుడితో మాట్లాడుకోవడానికి బోలెడంత టైము దొరికిందని ఆయన గొప్ప.

"నువ్వు ఆయన మందిరంలో అంత పని చేస్తున్నావు, ఆయనకి మాత్రం నువ్వు దొరకడం లేదే" అన్నాడొకసారి నవ్వుతూ. దోర్కమ్మ నవ్వలేదు. గరిటె గిన్నెలో పడేసి లోపలికెళ్లిపోయింది. మంచం మీద కెజియా పడుకునుంది, పాలు తాగుతున్నట్టు నిద్రలోనే పెదాలాడిస్తోంది. దోర్కమ్మ దాన్ని చూస్తూ, అడిగింది ఇచ్చినవాడి దగ్గర మాట నిలబెట్టుకోలేకపోయానే అని పమిట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇలా కాదని, ఒక మంగళవారం మధ్యాహ్నం ఎవరూ ఉండరు కదా అని మందిరానికే వెళ్లి మూల బెంచీ మీద కూర్చుంది. అబ్బ, ఎంత హాయి! ఫ్యాన్లు కూడా తిరగడం లేదు. కళ్లు మూసుకుంది. మూసుకున్నాక ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడైంది. కళ్లు తెరిస్తే ఎదురుగా సంఘ కార్యదర్శి ఫిలేమోను గారు, చంకలో ఫైలుతో.

ఈ ఫిలేమోను గారు ఏదో ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆఫీసుని వదల్లేదు. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా "మంచినీటి విషయమై తగు చర్య తీసుకోగలరు" అంటారని వాళ్లావిడే చెప్పుకుంటుంది.

"సిస్టర్, ఊరికే కూర్చున్నట్టున్నారు?"

"ప్రార్థన చేసుకుందామని వచ్చానండీ."

"మంచిది, మంచిది. అనగా ప్రస్తుతం మీ చేతిలో పని ఏదీ పెండింగులో లేదన్నమాట" అన్నారాయన సంబరంగా. దోర్కమ్మ ఇంటికి తిరిగొచ్చేసరికి స్కూటర్ల పార్కింగు కమిటీకి కూడా పెద్ద అయిపోయింది.

ఇంతలో భక్తిని మళ్లీ రగిలించే ఉజ్జీవ సభలొచ్చాయి. పక్క జిల్లా నుంచి ఒక ముసలి ప్రసంగీకుణ్ణి పిలిపించారు. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం గంట మోగినట్టు ఉంటుంది. ప్రసంగం మధ్యలో ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ వారంలో ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా కాసేపు దేవుడితో కూర్చున్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

షామియానా కింద ఒక్క చెయ్యి లేవలేదు. కోశాధికారి చెయ్యి లేచింది గానీ అది దోమని కొట్టడానికి. వేదిక మీద కూర్చున్న పాస్టరు హోషేయ గారి చెయ్యి భుజం దాకా వచ్చి, ఏమనుకుందో ఏమో, జుట్టు సర్దుకుని దిగిపోయింది. ముసలాయన అందర్నీ ఒకసారి చూసి, ఏమీ అనకుండా కళ్లజోడు పెట్టుకుని ప్రసంగం ముగించేశాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడే సంఘ పెద్దలు అత్యవసరంగా సమావేశమయ్యారు. ఫిలేమోను గారు లేచి నిలబడ్డారు.

"అయ్యా, నిన్నటి ఘటన మన సంఘ ప్రతిష్ఠకు సంబంధించినది. ఏకాంత ప్రార్థన అను కార్యక్రమము మన సంఘమునందు ఇంతవరకు సక్రమముగా వ్యవస్థీకరించబడకపోవడమే ఇందుకు మూలకారణమని నేను భావిస్తున్నాను. ఎవరికి వారు వదిలేసిన పని ఎవరు చేస్తారండీ? కావున తక్షణమే ఏకాంత ప్రార్థన నిర్వహణ కమిటీని నియమించవలసిందిగా కోరుతున్నాను."

స్త్రీల సమాజం తరఫున వచ్చి కూర్చున్న దోర్కమ్మ గుండె గంతులేసింది. ఇన్నాళ్లకి! ఇక అందరికీ కాస్త తీరిక ఇస్తారు కాబోలు, తనకీ ఇస్తారు కాబోలు అనుకుని, తనకి తెలియకుండానే తలూపింది. ఆ తలూపడమే కొంప ముంచింది.

"సిస్టర్ దోర్కమ్మ గారు సుముఖత వ్యక్తపరిచారు. కన్వీనరుగా వారి పేరు ప్రతిపాదిస్తున్నాను."

"అయ్యయ్యో, నాకు తీరిక లేదండీ!"

"తీరిక లేనివారికే తీరిక విలువ తెలుస్తుంది సిస్టర్. ఏకగ్రీవం!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి కొత్తలంకపాలెం క్రైస్తవులందరూ ఒంటరిగా ఉన్నారో లేదో చూడవలసిన బాధ్యత దోర్కమ్మ మీద పడింది.

మొదటి చిక్కు రుజువు దగ్గర వచ్చింది. ఎవరైనా "నేను ఒంటరిగా ప్రార్థించాను" అంటే నమ్మడమెలా? ఒంటరిగా ఉన్నప్పుడు చూసినవాళ్లుండరు కదా. ఫిలేమోను గారు చాలాసేపు నుదురు నొక్కుకుని మార్గం చెప్పారు.

"ప్రతి ఏకాంత ప్రార్థనకూ ఒక సాక్షి హాజరై ఉండవలెను."

"సాక్షి ఉంటే అది ఏకాంతం ఎలా అవుతుందండీ?" అంది దోర్కమ్మ.

"సాక్షి మౌనముగా ఉంటారు సిస్టర్."

"ప్రార్థన జరిగేటప్పుడు సాక్షి కూడా కళ్లు మూసుకోవాలిగా మరి?" అని కోశాధికారి సందేహం లేవదీశాడు. "కళ్లు మూసుకుంటే సాక్ష్యమెలా చెబుతాడు? తెరిచి ఉంచుకుంటే భక్తిహీనుడు కాడా?"

దీనిమీద టీలు రెండు విడతలు నడిచాయి. చివరికి సాక్షులు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరవాలని తీర్మానించారు. మూసిన కన్ను భక్తికి, తెరిచిన కన్ను సంఘానికి. అదెంత కష్టమో ఎవరూ ఆలోచించలేదు. వారం తిరిగేసరికి మందిరం ఆవరణ నిండా ఒంటికన్ను మూసుకున్న మనుషులే. కాలేజీకి పోయే ఆడపిల్లలు ప్రహరీ మీంచి చూసి, పెద్దవాళ్లు కన్ను కొడుతున్నారని ఇళ్లల్లో చెప్పారు. వాళ్ల తండ్రులు కర్రలు పట్టుకుని వచ్చారు. వాళ్లని సముదాయించి పంపించింది ఎవరనుకుంటున్నారు? దోర్కమ్మే.

సాక్షుల పద్ధతి బెడిసికొట్టాక, అందరికీ ఒకేసారి జరిపించేస్తే తనిఖీ సులువవుతుందని ఫిలేమోను గారు సామూహిక ఏకాంత ప్రార్థన తలపెట్టారు. మైదానంలో షామియానా వేయించారు. గేటు దగ్గర దోర్కమ్మ చాపలు పంచుతోంది, రెండో చేత్తో మజ్జిగ పోస్తోంది. జనం విరగబడి వచ్చారు. పక్క సంఘాల నుంచి ట్రాక్టర్ల మీద కూడా వచ్చారు. ఫిలేమోను గారు మైకు అందుకున్నారు.

"ప్రియులారా! ఒంటరిగా ఉన్నవారందరూ దయచేసి కొంచెం దగ్గర దగ్గరగా జరగండి! వెనక ఇంకా ఒంటరివాళ్లు వస్తున్నారు! చాప ఒక్కింటికి నలుగురు ఒంటరివారు చొప్పున కూర్చోవలసిందిగా విజ్ఞప్తి! ఇప్పుడు గాయక బృందం వారు నిశ్శబ్దం మీద ఒక పాట పాడతారు!"

గాయక బృందం డోలకు, తబలా, కీబోర్డుతో నిశ్శబ్దాన్ని ఎంత గట్టిగా పాడారంటే, కాలవ అవతలి ఊరి గేదెలు తాళ్లు తెంపుకున్నాయి. దోర్కమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని, ఆ గోలలోనే కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇప్పుడు..." అంది. "అక్కా, ఉప్పు తక్కువైంది!" అని ఎవరో కేకేశారు. ఆవిడ కళ్లు తెరిచి ఉప్పు కోసం వెళ్లింది.

ఇంత జరిగాక పాస్టరు హోషేయ గారికి అంతరాత్మ కొంచెం కదిలింది. మంచివాడే పాపం. అయితే పొద్దున లేస్తే ప్రతిష్ఠలు, పెళ్లిళ్లు, శంకుస్థాపనలు, ఊపిరాడదు. ఆయన పెద్దల సమావేశంలో నెమ్మదిగా, "అయ్యా, గదిలోకెళ్లి తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని కదా ప్రభువు చెప్పింది. మైదానం అనలేదు" అన్నారు.

"నిజమే! గది!" అని ఫిలేమోను గారు ఎగిరి గంతేశారు. "మనకు గది లేకపోవడమే లోపం!"

మందిరం వెనకాల సంఘ విందుల గుండిగలు పెట్టే కొట్టు ఒకటుంది. గుండిగలు ఖాళీ చేయించి, దోర్కమ్మ ఇంటికి చేర్చారు. కొట్టుకి ఆకాశపు రంగు వేశారు. రహస్య ప్రార్థన గది అని మెయిన్ రోడ్డుకి కనపడేంత బోర్డు రాయించి, దారి తప్పకుండా బాణం గుర్తు పెట్టి, చుట్టూ మిణుకుమిణుకు లైట్లు తగిలించారు. లోపల ఎవరైనా రహస్యంగా ప్రార్థిస్తుంటే ఊరందరికీ తెలిసేలా గది మీద ఎర్ర లైటు వెలుగుతుంది. లోపల ఒక మైకు, బయట నాలుగు దిక్కులకీ నాలుగు మైకుసెట్టు బాకాలు.

"మైకెందుకండీ?" అంది దోర్కమ్మ.

"రహస్య ప్రార్థన యొక్క ఫలాలు సంఘంలోని చిట్టచివరి సభ్యుని వరకు అందవలెను సిస్టర్. ఒకరే అనుభవిస్తే అది స్వార్థం కాదా?"

ప్రారంభోత్సవానికి చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పెద్ద, సినడు అధ్యక్షుల వారు వస్తున్నారు. ఆయన రిబ్బను కత్తిరించాక, కన్వీనరు గారు లోపలికి వెళ్లి అరగంటసేపు నమూనా రహస్య ప్రార్థన చేసి చూపించాలని కార్యక్రమం ఖరారైంది. ఆ మాట దోర్కమ్మ చెవిన పడింది. అరగంట! తనకి! ఒక్కదానికే! ఇంటికొచ్చి తీతుతో చెప్పింది.

"చూశావా, దేవుడు కూడా మీ కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే గానీ నీ అరగంట ఆయనకి మంజూరు కాలేదు" అన్నాడు తీతు. మళ్లీ తనే గొంతు తగ్గించి, "ఇదిగో, ఆ మైకు తీగ ఎక్కడుందో చూసుకున్నావా?" అన్నాడు.

"ఏ బొక్కలోంచి లాగాలో నాకు తెలియదనుకున్నావా?" అంది దోర్కమ్మ. ఆ మాట అన్నాక తనకే భయమేసింది.

ఆ రోజు రానే వచ్చింది. బాణసంచా, బ్యాండు మేళం, పూలదండలు. సినడు అధ్యక్షుల వారు పొడుగాటి తెల్లంగీలో వచ్చి, "ఏకాంతమునకు ఇంత ఘనమైన ఏర్పాట్లు నేనెక్కడా చూడలేదు" అని మెచ్చుకుని రిబ్బను కత్తిరించారు. ఫొటోవాళ్లు ఇటు చూడమని అరిచారు. దోర్కమ్మ లోపలికి వెళ్లింది. తలుపు మూసింది. గడియ పెట్టింది. పైన ఎర్ర లైటు వెలిగింది, జనం చప్పట్లు కొట్టారు. దోర్కమ్మ ఒంగుని, తీగ ఎక్కడుందో చేత్తో తడిమి, పట్టుకుని ఒక్క లాగు లాగింది.

నాలుగు దిక్కులా బాకాలు గుర్రుమని చచ్చిపోయాయి.

దోర్కమ్మ మోకాళ్లూనింది. చేతులు జోడించింది. నోరు తెరిచింది. "సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, నా హృదయపూర్వక..." అనేసి నాలిక కరుచుకుంది. ఛీ, నా నోరు పడ! ఇన్నేళ్లు మైకుల ముందు మాట్లాడీ మాట్లాడీ దేవుడికి కూడా వందన సమర్పణ చేస్తున్నానే అనుకుని మళ్లీ మొదలుపెట్టింది. "ప్రభువా, నేను దోర్కమ్మని." ఇక ఆగలేదు. గులాబీ జాకెట్లు, ఒంటికన్ను సాక్షులు, మజ్జిగలో ఉప్పు, వంటింట్లో కాలు పెట్టే సందు లేకుండా పేర్చిన గుండిగలు, అన్నీ చెప్పింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల తల్లి దగ్గర అత్తవారి సంగతులు చెప్పినట్టు చెప్పింది.

బయట సంగతి వేరేగా ఉంది. ఫిలేమోను గారు చేతిమైకు పట్టుకుని తలుపు దగ్గరకొచ్చారు.

"సిస్టర్ గారూ! మీ ప్రార్థన బయటికి రావడం లేదు! మీ రహస్యం ఎవరికీ వినపడటం లేదు! దయచేసి తగు చర్య తీసుకోగలరు!"

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. మైకు కుర్రాళ్లు "హలో, చెక్, చెక్" అంటూ బాకాలు కొట్టి చూశారు. పిల్లలకి టిఫిను పొట్లాలు ఎవరివ్వాలో ఎవరికీ తెలియదు, తెలిసినావిడ లోపలుంది. రెండో పాట ఏదో తెలియదు, తెలిసినావిడ లోపలుంది. సినడు అధ్యక్షుల వారి కొబ్బరిబోండాం ఎక్కడ పెట్టారో తెలియదు. కార్యక్రమం ఎక్కడికక్కడ ఆగిపోయింది. జనం చేసేదేమీ లేక కూర్చున్నారు. కూర్చుని కూర్చుని, కొందరు పెద్దవాళ్లు మాటలు మానేశారు. ఒకరిద్దరు కళ్లు మూసుకున్నారు. అది చూసి ఫిలేమోను గారికి చెమటలు పట్టాయి. వేదిక ముందు ఇంతమంది ఊరికే కూర్చోవడం ఆయన జన్మలో చూడలేదు. "నిచ్చెన తీసుకురండి!" అని అరిచారు.

లోపల దోర్కమ్మ ఫిర్యాదులన్నీ అయిపోయాయి. మనసు తేలికపడింది. ముక్కు చీదుకుని, కళ్లు తుడుచుకుని, ఇక అసలు మాట చెప్పుకుందామని గుండెల నిండా గాలి పీల్చుకుంది. "ప్రభువా, ఆవేళ ఆస్పత్రిలో..."

"సిస్టర్!"

పైన గవాక్షంలోంచి ఫిలేమోను గారి తలకాయ దూరింది.

"సమయం ముగిసినది! వందన సమర్పణ మీదే!"

దోర్కమ్మ చెప్పవలసిన మాట గొంతులోనే ఉండిపోయింది. లేచి, గడియ తీసి, మొహం కడుక్కోకుండానే వేదికెక్కి అందరికీ వందనాలు చెప్పింది. బ్యాండు మేళం వాళ్లకి చెప్పింది, కొబ్బరిబోండాల వాళ్లకి చెప్పింది. చెప్పవలసినవాడికి తప్ప అందరికీ చెప్పి, ఇంటికెళ్లి పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది.

ఆ వారమే విచారణ. పెద్దలందరూ బల్లకి అటువైపు, దోర్కమ్మ ఇటువైపు. తోడొచ్చిన తీతు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉద్దేశపూర్వకముగా మైకు తీగను లాగుట మొదటి అభియోగం" అన్నారు ఫిలేమోను గారు. "సదరు అరగంటలో మీరు ప్రార్థించినట్టు ఎట్టి ఆధారమూ లేకపోవుట రెండవది. మీరు ప్రార్థించారనడానికి సాక్షి ఎవరు?"

"దేవుడు విన్నాడండీ."

"వారి సాక్ష్యం ప్రస్తుతం ఈ కమిటీకి అందుబాటులో లేదు."

పాస్టరు హోషేయ గారు ఏదో అనబోయి, ఆ పూట ఇంకో గృహప్రవేశం ఉండడంతో గడియారం చూసుకుని ఊరుకున్నారు. ఫిలేమోను గారు లేచి, జేబులో రుమాలు సర్దుకుని, తీర్పు వినిపించారు. "శ్రీమతి దోర్కమ్మ గారిని స్త్రీల సమాజం, సండే స్కూలు, గాయక బృందం, పార్కింగు, మైకు మొదలగు సకల సేవల నుండి తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సస్పెండు చేయడమైనది. ఈ కాలములో సంఘ సేవ నిమిత్తమై సభ్యులెవ్వరూ వారితో మాట్లాడరాదు, ఫోను చేయరాదు, వారి ఇంటికి పోరాదు."

దోర్కమ్మ తల దించుకుంది. భుజాలు కదులుతున్నాయి. పెద్దల మనసులు కరిగిపోయాయి. కోశాధికారి మంచినీళ్ల గ్లాసు కూడా జరిపాడు. ఆవిడ కళ్లొత్తుకుంటూ, "ఆ తదుపరి ఉత్తర్వులు తొందరగా వచ్చేస్తాయా అండీ?" అంది.

"చెప్పలేం సిస్టర్. నెలలు పట్టవచ్చు."

"తొందరేం లేదండీ. నిదానంగానే రానివ్వండి" అంది దోర్కమ్మ. గుమ్మంలో తీతు నవ్వు ఆపుకోలేక దగ్గుతూ బయటికెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లారగట్ల దోర్కమ్మ జామచెట్టు కింద పీట వేసుకుంది. ఫోను మోగలేదు. గేటు చప్పుడవలేదు. పక్కకి చూసింది, వెనక్కి చూసింది. నిజంగానే ఎవరూ లేరు. "ప్రభువా" అంది. ఆగింది. ఎవరూ పిలవలేదు. "నా బిడ్డని దక్కించావు. దాని బిడ్డనీ దక్కించావు. నేనేమిచ్చుకోగలను నాయనా? ఇదిగో, వచ్చాను." అంతే. ఇన్నాళ్లూ దాచుకున్న మాట ఇంతేనా అనిపించింది. కానీ ఆ కాస్తా చెప్పాక ఆవిడ కదల్లేదు. కన్నీళ్లు వాటంతటవే కారుతుంటే తుడుచుకోలేదు. ఎండ జామాకుల్లోంచి ఒళ్లోకి దిగేదాకా అలాగే కూర్చుంది. అరగంట ఎప్పుడు దాటిపోయిందో ఆవిడకి తెలియలేదు. మొక్కు తీరింది, లేవబుద్ధి కాలేదు, మర్నాడూ వచ్చి కూర్చుంది. ఆ మర్నాడూ కూర్చుంది.

ఈ సంగతి ఊళ్లో ఎలా పొక్కిందో తెలియదు. దోర్కమ్మ మొహం నున్నగా, హాయిగా ఉందని, మోకాలి నొప్పి కూడా తగ్గిందని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆదివారం ఆరాధన మధ్యలో మైకు ఆగిపోయింది. చూస్తే గాయక బృందంలో పెద్దావిడ, ముదురు గులాబీ జాకెట్టు ఆవిడే, తీగ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "నేనే లాగానండీ. కావాలనే లాగాను. నన్నూ సస్పెండు చెయ్యండి" అంది ధైర్యంగా. పై వారం సండే స్కూలు టీచర్లు లాగారు. పార్కింగువాళ్లకి మైకు అందక, స్కూటర్ల గాలి తీసి నేరం ఒప్పుకున్నారు. ఫిలేమోను గారు తీగకి గొలుసు కట్టి తాళం వేశారు. కోశాధికారి ఆ తాళంచెవిని బావిలో పారేసి, నేరుగా విచారణ గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఒకరోజు పొద్దున్నే దోర్కమ్మ కూర్చుని లేచేసరికి, పెరటి వాకిట్లో పాస్టరు హోషేయ గారు నిలబడి ఉన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగతనంగా వచ్చినవాడిలా ఉన్నారు.

"అయ్యో అయ్యగారూ! నాతో మాట్లాడకూడదు కదండీ?"

"సేవ గురించి కాదమ్మా" అన్నారాయన. "ముప్పై ఏళ్లుగా అందరి కోసం ప్రార్థన చేస్తున్నాను. పెళ్లికెళితే పెళ్లి ప్రార్థన, చావుకెళితే చావు ప్రార్థన. నా అంతట నేను ఆయనతో మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. ఆవేళ ఆ పెద్దాయన చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యి లేవలేదమ్మా. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. మీ అందర్నీ సస్పెండు చెయ్యడానికి మేమున్నాం. నన్నెవరు చేస్తారు?"

దోర్కమ్మ తన పీట తీసి, దుమ్ము దులిపి, చెట్టు కింద మళ్లీ వేసింది. "కూర్చోండి అయ్యగారూ. ఇటు ఎవరూ రాకుండా నేను చూస్తాను" అని పక్కింటి వైపు గోడ దగ్గరకెళ్లి నిలబడింది. ఆయన చిన్నపిల్లాడిలా కూర్చుని కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. దోర్కమ్మ మొహం తిప్పుకుంది.

అప్పుడు గేటు కిర్రుమంది. చంకలో ఫైలుతో ఫిలేమోను గారు వచ్చేస్తున్నారు.

"సిస్టర్, పాస్టరు గారు ఇచ్చట ఉన్నారా? తొమ్మిది గంటలకు శంకుస్థాపన, పదిన్నరకు..." అని, చెట్టు కింద చూసి ఆగిపోయారు. ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. ఏం తోచిందో, గొంతు బాగా తగ్గించి, "ఇంకొక పీట... అందుబాటులో ఉన్నదా?" అన్నారు.

దోర్కమ్మ లోపలికెళ్లి కెజియా కూర్చునే బుల్లిపీట తెచ్చి ఇచ్చింది. ఆయన కష్టపడి దానిమీద ఇమిడి కూర్చున్నారు. ఫైలు నేలమీద పెట్టారు. కళ్లు మూసుకున్నారు, ఒకటి తెరిచారు, అదీ మూసుకున్నారు. ఇంతలో మొహం ఒక్కసారి వెలిగిపోయింది.

"సిస్టర్! దీనిని మనం ప్రతి శనివారం ఒక పద్ధతి ప్రకారం..."

"నోరు మూసుకుని కూర్చో అన్నయ్యా" అంది దోర్కమ్మ.

ఫిలేమోను గారు నోరు మూసుకుని కూర్చున్నారు.